టిఫిన్ తిన్న రెండు గంటలకి

షుగరు లేని ముసలివాళ్లను చూస్తే భలే జాలేస్తుంది. నవ్వకండి! చివరిదాకా చదివాక, మా ఇంట్లో పెద్దవాళ్లకు ఇంకా రాలేదే అని మీరే దిగులుపడతారు.

రొద్దం దగ్గర ఒక పల్లె ఉంది. స్వాతంత్ర్యం వచ్చినప్పటినుంచి ఆ పల్లెకు చాలా రావలసి ఉన్నాయి. కాలువ నీళ్లు రావాలి, దారిలో ఉన్నాయంటున్నారు. తారు రోడ్డు వచ్చింది కానీ పక్కూరి దాకానే వచ్చింది. డాక్టరు వస్తాడని ఒక గది కట్టారు. ఆ గదిలో ప్రస్తుతం ఎవరివో వేరుశనక్కాయల మూటలు ఆరోగ్యంగా ఉన్నాయి.

షుగరు ఒక్కటే శంకుస్థాపన లేకుండా, ఉపన్యాసం లేకుండా నేరుగా వచ్చేసింది. దరఖాస్తు అడగలేదు. రేషన్ కార్డు జిరాక్సు అడగలేదు. నువ్వు ఏ పార్టీ, నీ కులమేది అని అసలే అడగలేదు. ఇంత నిష్పక్షపాతంగా ఇల్లిల్లూ చేరిన పథకం ఇంకొకటి ఉంటే చూపించండి!

పూర్వం పల్లెల్లో ముసలివాళ్లకు జబ్బులుండేవి కావు. ఒంట్లో బాగలేకపోవడం మాత్రం ఉండేది. బాగలేదనేవాళ్లు, మంచం వేసేవాళ్లు, కొన్నాళ్లకు మంచం తీసేసేవాళ్లు. ఏం జరిగిందో పోయినవాళ్లకూ తెలియదు, ఉన్నవాళ్లకూ తెలియదు. ఇప్పుడు చూడండి, ప్రతి ముసలాయనకూ ఒక ఇంగ్లీషు పేరుంది. ఆ పేరు చెప్పుకుంటే బస్సులో సీటిస్తారు. టీ అంగట్లో 'నాకు విత్తౌట్' అని కేకేస్తే నలుగురూ తిరిగి చూస్తారు. చక్కెర లేని టీకి ఆ పేరెవరు పెట్టారో గానీ, అదేదో టీలలో పెద్దరకం అనుకుని జబ్బు లేనివాళ్లు కూడా విత్తౌట్ అడిగి తాగి, మొహం చిట్లించుకుని, బాగుందని చెప్పిన సందర్భాలున్నాయి.

ధర్మవరంలో పెండ్లికి పోయారా ఈమధ్య? ఒకప్పుడు ముసలమ్మలు ఒకరి కొంగు ఒకరు పట్టుకుని చూసి, ఏ మగ్గం మీద నేసింది, జరీ మంచిదేనా అని మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు కొంగుల జోలికి ఎవరూ పోరు. 'నీకెంతుండాది?' అని ఒకామె అడుగుతుంది. 'తినకముందా, తిన్నాకనా?' అని ఇంకొకామె తిరిగి అడుగుతుంది. ఎక్కువ ఉన్నామె నడుము నిటారు చేసి కూర్చుంటుంది. తక్కువ ఉన్నామె, నాకు బీపీ కూడా ఉందని గుర్తుచేసి పరువు నిలబెట్టుకుంటుంది. ఏమీ లేనామె లేచి, భోజనాల దగ్గర ఏమైనా సాయం కావాలేమోనని వెళ్లిపోతుంది.

ఉదాహరణ కావాలంటే ఆ రొద్దం పక్క పల్లెలోని ముత్యాలమ్మను తీసుకోండి. మారప్ప పెండ్లాం. మారప్పకు కొన్ని గొర్రెలు, వానను నమ్ముకున్న చేను, ఎవరినీ మెచ్చుకోని నోరు ఉన్నాయి. కొడుకు మంజునాథ్ హిందూపురంలో ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేసి రోజూ బస్సులో ఇంటికొస్తాడు. కోడలు హేమావతి పది దాకా చదివింది. అందరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు.

షుగరు రాకముందు ముత్యాలమ్మ బతుకు ఎంత చప్పగా ఉండేదో వింటే మీ మనసు తరుక్కుపోతుంది. అందరికంటే ముందు లేచేది, అందరికంటే చివర తినేది. మొగుడు తిన్నాక, కొడుకు తిన్నాక, గొర్రెల వెంట పోయే కుక్క కూడా తిన్నాక, సంగటి కుండ అడుగున ఏది మిగిలితే అది. మిగలకపోతే మజ్జిగ. తిన్నావా అని ఆమెను అడిగినవాళ్లు లేరు. అడగడానికేముంది? వండే మనిషి తినకుండా ఉంటుందా అని ఇంటిల్లిపాదికీ గట్టి నమ్మకం!

ఒక ఏడాది వేరుశనగ చేలో కలుపు తీస్తూ కళ్లు చీకట్లు కమ్మి పడిపోయింది. కాలికి గుచ్చుకున్న తుమ్మముల్లు పుండై ఎంతకీ మానడం లేదు. మారప్ప ముందు ఎండదెబ్బ అన్నాడు. తర్వాత గాలి సోకిందని తాయెత్తు కట్టించాడు. పుండు తాయెత్తును లెక్కచేయలేదు. చివరికి మంజునాథ్ పెనుకొండకు తీసుకుపోతే అక్కడి డాక్టరు రక్తం చూసి, 'షుగరుండాదమ్మా. హిందూపురంలో షుగరు డాక్టరుకి చూపించండి' అన్నాడు.

ముత్యాలమ్మకు ఆ పేరు ముందే తెలుసు. ధర్మవరంలో ఉండే ఆమె అక్క నాగమ్మకు ఇదే జబ్బు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దంతా నేసే మనిషి. కాలికి బొబ్బ లేస్తే నొప్పి తెలియలేదు. నొప్పి లేదు కదా అని ఎవరికీ చూపించలేదు. బొటనవేలు తీసేశారు. చూడటానికి పోయిన ముత్యాలమ్మ ఆ కట్టు చూసి, తిరిగి ఇంటికొచ్చేదాకా బస్సులో ఏడుస్తూనే ఉంది. షుగరును పొగడటానికి కూర్చున్న ఈ రచనలో ఈ ఒక్క పేరా పొగడ్త కాదు. ఇది నిజంగా భయపడవలసిన సంగతి.

ఇక శుభాల్లోకి వద్దాం.

హిందూపురం డాక్టరు మాత్రలు రాసిచ్చి, వేలు ఆడిస్తూ మరీ చెప్పాడు. 'ఈమె టైముకి తినాల. మాత్ర వేసుకోని ఆకలితో ఉంటే యాడంటే ఆడ పడిపోతాది. అర్థమైందా?' ఈ మాట ఆయన ముత్యాలమ్మతో అనలేదు. మంజునాథ్‌తో, మారప్పతో అన్నాడు.

ఆ రోజు పొద్దుగూకగానే హేమావతి అత్త ముందు కంచం పెట్టింది. అందరికంటే ముందు! వేడి సంగటి, మీద ఊరిబిండి పచ్చడి. ముత్యాలమ్మ కంచం వైపు చూసింది, ఎదురుగా ఖాళీ కంచంతో కూర్చున్న మొగుడి వైపు చూసింది.

'నువ్వు తిను ముందు' అంది.

'డాక్టరు చెప్పినాడు గదా, తిను' అని మారప్ప గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ఏ చట్టం సాధించింది ఇంతటి మార్పును? ఏ సంఘం మీటింగు, ఏ మంత్రిగారి ఉపన్యాసం? ఒక్క తెల్లమాత్ర! అది కూడా సగానికి విరిచి వేసుకునేది.

డాక్టరు వాకింగ్ కూడా చేయమన్నాడు. వాకింగంటే ఏందని ముత్యాలమ్మ అడిగింది. ఊరికే నడవడమని హేమావతి చెప్పింది. ముత్యాలమ్మకు అర్థం కాలేదు. ఆమె పుట్టినప్పటినుంచి నడుస్తూనే ఉంది. నెత్తిన బిందెతో, లేకపోతే మేతమోపుతో, అదీ లేకపోతే చంకన పిల్లతో. చేతులూపుకుంటూ ఎక్కడికో పోయి, ఏమీ తేకుండా తిరిగిరావడమా? ఊరివాళ్లు ఏమనుకుంటారు? మొదటి రోజు సిగ్గేసి, ఖాళీ బిందె నెత్తిన పెట్టుకుని వాకింగ్ చేసింది. తర్వాత తర్వాత బిందె ఇంట్లో వదిలేసింది. నెత్తిమీద ఏమీ లేకపోతే ఆకాశం కనిపిస్తుందని అప్పుడే తెలిసింది.

ఈ వైభవమంతా చూసి పక్కింటి సిద్ధమ్మకు కన్ను కుట్టింది. కుట్టదా మరి? ఆమె మొగుడు సుంకప్ప నోరు తెరిస్తే కేక. నీళ్లకు కేక, తువ్వాలుకు కేక, కేకకు పలకలేదని ఇంకో కేక. రొద్దంలో మెడికల్ క్యాంపు పెడితే సిద్ధమ్మ అందరికంటే ముందు పోయి లైన్లో నిలబడింది. రక్తం చూశారు, బీపీ చూశారు, 'అన్నీ నార్మల్ అవ్వా' అన్నారు.

సిద్ధమ్మ తల ఎత్తుకుని ఊర్లోకి వచ్చింది. 'నాకు నార్మల్ వచ్చిందంట' అని కనిపించినవాళ్లకల్లా చెప్పింది. సుంకప్పకు భయం పట్టుకుంది. ఇంగ్లీషు పేరున్న జబ్బు కదా, ఎంత పెద్దదో ఏమో! రెండు రోజులు గొంతు పెంచలేదు. నీళ్లు తానే ముంచుకున్నాడు. మూడో రోజు మంజునాథ్ కనబడి, నార్మలంటే ఏ జబ్బూ లేదని అర్థం విడమర్చి చెప్పాడు. చదువుకున్నవాళ్లతో ఇదే చిక్కు! సుంకప్ప ఆ రెండు రోజుల కేకలూ బాకీ లేకుండా తీర్చేశాడు.

సరే, అసలు భాగ్యం ఇంకా చెప్పనేలేదు. ముత్యాలమ్మ నెలకొకసారి హిందూపురం పోయి ల్యాబులో రక్తం చూపించుకోవాలి. మంజునాథ్‌కు డ్యూటీ, హేమావతికి ఇల్లు. కనక మారప్పే తీసుకుపోవాలి. గొర్రెల్ని ఇంకొకరికి అప్పజెప్పి, దారి పొడుగునా సణుక్కుంటూ బయలుదేరాడు. బస్టాండు నుంచి ల్యాబు దాకా ఎప్పటిలాగే ఆయన ముందు, ఆమె వెనక. ఇన్నేళ్ల కాపురంలో ముత్యాలమ్మ ఎక్కువగా చూసింది ఆయన వీపునే.

పరగడుపున ఒకసారి రక్తం తీసి, ల్యాబులో పనిచేసే పుష్ప అనే పిల్ల చెప్పింది. 'టిఫిన్ తిని, రెండు గంటలకి మళ్లా రండి.'

మారప్ప చేతిలో సద్దిమూట ఉంది. 'సంగటి తెచ్చుకోనుండాం పాపా. అది తింటే చాలదా?'

పుష్ప అప్పటికే ఇంకొకరి చేతికి రబ్బరు గొట్టం బిగిస్తోంది. ఆయన ఏమన్నాడో సగం వినిపించింది, సగం వినిపించలేదు. తల ఎత్తకుండానే, 'టిఫిన్ తినాలప్పా' అంది.

ఇక్కడే షుగరు మహిమంతా ఉంది! పల్లెలో పొద్దున తినేది సంగటి. టిఫిన్ అంటే హోటల్లో అమ్మేది. ఏదో ఒకటి తినమని పుష్ప ఉద్దేశం. మారప్పకు అర్థమైంది వేరు. ఈ జబ్బుకు పరీక్ష టిఫిన్ మీదనే జరుగుతుంది, సంగటి తింటే రక్తం నిజం చెప్పదు. డాక్టర్ల మాటకు ఎదురు చెప్పడానికి మనమెంతవాళ్లం? సద్దిమూట చంకన పెట్టుకుని, పెండ్లాన్ని వెంటబెట్టుకుని హోటల్ వెతికాడు.

ఆమెను లోపల కూర్చోబెట్టి, 'ఈమెకి టిఫిన్' అని చెప్పి, తాను బయట మెట్టు మీద సద్ది విప్పుకున్నాడు. జబ్బు ఆమెది, టిఫిన్ తనకెందుకు? హోటలాయన ఊరుకోలేదు. మెట్టు మీద కూర్చుంటే గిరాకీలు ఎట్ల రావాల అని లోపలికి పంపించాడు. అలా మారప్పా ముత్యాలమ్మా ఒక బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. ఎదురెదురుగా! ఎటు తిరుగుదామన్నా గోడ దూరంగా ఉంది. మొహం చూడక తప్పలేదు.

సర్వరు వచ్చి గుక్క తిప్పుకోకుండా ఇడ్లీ వడ పూరీ దోసె ఉప్మా అని చెప్పి నిలబడ్డాడు. మారప్ప చిక్కులో పడ్డాడు. పెండ్లాం ఏం తింటుందో ఆయనకు తెలియదు. మిగిలింది తింటుందని మాత్రమే తెలుసు. తెలిసినవాళ్లెవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకున్నాడు.

'ఏం తింటావే?'

ముత్యాలమ్మకు ఆ ప్రశ్న కష్టమైంది! తనకేది ఇష్టమో ఆమెకే తెలియదు. ఎవరైనా అడిగితే కదా ఆలోచించేది? 'ఏదో ఒకటి' అని తల వంచుకుంది. తర్వాతి నెల, బాగా ఆలోచించుకుని వచ్చి, ఇడ్లీ అంది. ఆపై నెల పక్క బల్ల మీదికి ఓరగా చూసి, సిగ్గుపడుతూ దోసె అంది. తనకు దోసె ఇష్టమని ఆమెకు అలా తెలిసింది. ఎర్రగా కాలిన అంచు ఇంకా ఇష్టం.

తిన్నాక రెండు గంటలు. ఆ రెండు గంటలూ ఏం చేస్తారు? ల్యాబులో కూర్చోవడానికి చోటు లేదు. ఊరికి పోయి రావడానికి టైము చాలదు. అదిలించడానికి గొర్రెలు లేవు, ఊదడానికి పొయ్యి లేదు. బస్టాండులో సిమెంటు బెంచీ ఒకటే దిక్కు. మొదటి నెల ఇద్దరూ మడకశిర బస్సును, పెనుకొండ బస్సును చూశారు. రెండో నెల, ఈనబోయే గొర్రె గురించి మాట్లాడుకున్నారు. తర్వాత మాటలు గొర్రెల్ని దాటి ముందుకు వచ్చేశాయి.

ఒక నెల మారప్ప ఉన్నట్టుండి అన్నాడు. 'పెండ్లయిన కొత్తల్లో పెనుకొండ ఉరుసుకి పోయింటి గదా. నీకని మైసూరుపాకు కొన్యా.'

'నాకియ్యలేదే?'

'నడిచి వస్తాంటే ఆకలాయ. దావలో నేనే తినేస్తి.'

ముత్యాలమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పక్క బెంచీవాళ్లు తిరిగి చూసేంతగా నవ్వింది. ఇన్నేళ్లూ ఈ మనిషి ఇది కడుపులో దాచుకున్నాడా! మైసూరుపాకు దక్కలేదని కాదు, తనకోసం కొన్నాడని తెలిసి ఆమెకు కళ్లు తడిశాయి.

'ఇప్పుడు కొనిద్దామంటే నీకు షుగరొచ్చె' అన్నాడు మారప్ప, తప్పంతా షుగరుదే అయినట్టు.

ఆనాటినుంచి ముత్యాలమ్మ నెల ఎప్పుడు తిరుగుతుందా అని ఎదురుచూసేది. ముందురోజే చీర ఉతికి ఆరేసుకునేది. పైకి మాత్రం, 'అయ్యో, మళ్లా సూదులా' అని మూలిగేది. మూలగకపోతే జబ్బుకు విలువేముంది?

ఇంత చక్కగా సాగుతున్న కాపురంలోకి సైన్సు వచ్చి కాలు పెట్టింది.

ఒక సాయంత్రం మంజునాథ్ అరచేతిలో పట్టేంత మిషను ఒకటి తెచ్చాడు. వేలి మీద పొడిచి, రక్తం బొట్టు అంటిస్తే అందులో నంబరు పడుతుంది. 'అమ్మా, ఇంక నువ్వు హిందూపురం తిరుక్కుండే బాధ లేదు. ఇంట్లోనే చూసుకోవచ్చు. నంబరు బాగుంటే పోయే పనే లేదు' అన్నాడు. వాడి మొహంలో సంతోషం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. తల్లికి మాత్రం ఏడుపొచ్చింది. యంత్రాలొస్తే మనుషుల కూడు పోతుందని విన్నాం. టిఫిన్ కూడా పోతుందని ఎవరైనా హెచ్చరించారా?

ముత్యాలమ్మ ఆశగా మొగుడి వైపు చూసింది. ఏదో ఒక అడ్డుమాట చెప్తాడనుకుంది.

'మంచిదే. చార్జీలన్నా మిగుల్తాయి' అని మారప్ప గొర్రెల దగ్గరికి లేచిపోయాడు.

ఆ మాట ఆమెకు తుమ్మముల్లు కంటే లోతుగా దిగింది. అంటే ఇన్నాళ్లూ ఆయన డాక్టరు చెప్పినందుకే కూర్చున్నాడా ఆ బెంచీ మీద? చార్జీలు చూసుకుంటూ కూర్చున్నాడా?

మిషను పని ఇంట్లో పంచుకున్నారు. హేమావతికి రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి, కాబట్టి ఆమె మిషను పట్టుకుని నంబరు చదువుతుంది. గొర్రెలకు సూదులేసిన చెయ్యి కాబట్టి పొడిచేది మారప్ప. మొదటిసారి నూటా ముప్పై వచ్చింది. అందరూ సంతోషించారు. ఆ నెల హిందూపురం లేదు. చూశారా అన్యాయం? సిద్ధమ్మకు వచ్చిన నార్మలే ముత్యాలమ్మకూ వచ్చింది!

ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ముత్యాలమ్మ బెల్లం డబ్బా దాకా పోయింది. ఒక్క ముక్క తింటే చాలు, నంబరు దానంతటదే పెరుగుతుంది, బస్సు ఎక్కొచ్చు. మూత తీసింది. అక్క కాలికున్న కట్టు కళ్లముందు మెదిలింది. మూత పెట్టేసి, చెయ్యి కడుక్కుని, వాకింగ్‌కు పోయింది. ఆ రోజు ఆకాశం వైపు చూడబుద్ధి కాలేదు.

తర్వాతి నెల మిషను బయటికి తీసిన పొద్దున్నే గొర్రె ఈనింది. మారప్ప తల్లిగొర్రెకు బెల్లం చిదిమి తినిపించి, చేతులు పంచెకు తుడుచుకుని వచ్చి, ముత్యాలమ్మ వేలు పట్టుకుని పొడిచాడు. నంబరు చూసి హేమావతి కెవ్వుమంది. మూడు వందల ఎనభై! మంజునాథ్ అదిరిపోయి, వెంటనే హిందూపురం పొమ్మన్నాడు.

పోయారు. ల్యాబులో ఎప్పటిలాగే మామూలుగానే ఉంది. డాక్టరు మాత్ర మార్చకుండా, చిన్న సలహా చెప్పాడు. 'చేతులు సబ్బుతో కడుక్కోని చూసుకోవాల. వేలికి తీపి ఏమన్నా అంటుకోనుంటే మిషను దాన్నీ కలిపి చెప్తాది.'

'ఓహో' అన్నాడు మారప్ప.

డాక్టరు మంచివాడే, చదువుకున్నవాడే. ఆ మాట మారప్ప ముందర చెప్పడం ఒక్కటే ఆయన చేసిన పొరపాటు.

మళ్లీ నెల తిరిగింది. ముత్యాలమ్మ కోడలి ముందరే సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని కూర్చుంది. మారప్ప వచ్చి వేలు పట్టుకున్నాడు. ఎప్పుడూ లేనిది, బొటనవేలితో మెల్లగా కాసేపు రుద్దాడు. ఈయనకు ఇంత మెత్తని చెయ్యి ఎక్కడిది అనుకుంది ఆమె. పొడిచాడు. మూడు వందల నలభై! హేమావతి మొగుడికి చెప్పడానికి లోపలికి పరిగెత్తింది.

పొడిచిన వేలు ముత్యాలమ్మ అలవాటుగా నోట్లో పెట్టుకుంది. తియ్యగా ఉంది.

ఆమెకు భయమేసింది. రక్తం ఉప్పగా కదా ఉండాలి! షుగరంటే ఏమో అనుకుంది, నిజంగానే ఒళ్లంతా చక్కెర పారుతోందా? తల తిప్పి మారప్పను చూసింది. ఆయన ఏమీ ఎరగనట్టు దూలం వైపు చూస్తున్నాడు. ఆయన పంచె ముడి దగ్గర మాత్రం చీమలు బారులు తీరి ఉన్నాయి.

ముత్యాలమ్మ చీమల్ని చూసింది, మొగుణ్ణి చూసింది, మళ్లీ వేలు నోట్లో పెట్టుకుంది. ఉరుసులో కొన్న మైసూరుపాకు ఇన్నాళ్లకు ఆమెకు చేరింది. ఆ సంగతి కొడుకు దాకా పోనివ్వలేదు. అమ్మకు ఉన్నట్టుండి పెరుగుతోందని మంజునాథ్ తేల్చేశాడు. మిషను ఉన్నా సరే, నెలనెలా ల్యాబు తప్పదన్నాడు. దోసె తప్పలేదు, బెంచీ తప్పలేదు.

కాబట్టి పెద్ద పెద్ద డాక్టర్లకు ఒక మనవి. షుగరును మొత్తంగా పోగొట్టే మందు కనిపెడుతున్నారని వింటున్నాం. కాస్త ఆగండయ్యా! మీరు ఆ మందు ఇచ్చేస్తే మా ఆడవాళ్లు మళ్లీ కుండ అడుగుకు పోవాలి. ఒక ముసలామె టైముకు తినడానికి, మొగుడు ఆమెకు ఎదురుగా కూర్చోవడానికి, ఏం తింటావని ఇంట్లో ఒక్కరు అడగడానికి మా పల్లెల్లో ఇప్పటికి దొరికిన దారి ఈ జబ్బొక్కటే. ఆరోగ్యంగా ఉన్న మనిషిని ఆ మాట అడగడం మాకింకా అలవాటు కాలేదు. అలవాటయ్యాక చెప్పి పంపిస్తాం, అప్పుడు మందు పంపండి.

మొన్న మిషను తీసిన రోజు, సిద్ధమ్మ గోడ దాటి వచ్చింది. అప్పటికే పక్కింట్లో సుంకప్ప కేకలు మొదలయ్యాయి, తువ్వాలు కనబడలేదని. సిద్ధమ్మ చెయ్యి చాపింది.

'మారప్పన్నా, నా వేలు గూడ చూడన్నా ఒకసారి.'

'నీకు నార్మలే గదమ్మా. నీకెందుకిది?' అన్నాడు మారప్ప.

సిద్ధమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. ముత్యాలమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంకో చేత్తో మొగుడి పంచె ముడి విప్పి, బెల్లం ముక్క తీసి, కొంచెం గిల్లింది. మారప్ప నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. హేమావతి పెదవి కొరుక్కుని గోడవైపు చూసింది.

'చేతులు కడుక్కుంటివా?' అని ముత్యాలమ్మ సిద్ధమ్మను అడిగింది.

'కడుక్కుంటినక్కా.'

'మంచిపని' అని, బెల్లం వేలికి బాగా పట్టేటట్టు రుద్దింది.

మారప్ప పొడిస్తే నాలుగు వందల పది వచ్చింది. హేమావతి గోడ దగ్గరికి పోయి గట్టిగా చెప్పింది. సుంకప్ప కేక మధ్యలోనే ఆగిపోయింది. తువ్వాలు లేకుండానే వచ్చి నిలబడ్డాడు.

'నాలుగు వందలా? ఏం చెయ్యాలప్పా ఇప్పుడు?'

'హిందూపురం పోవాల. నువ్వే పిల్చుకోని పోవాల' అన్నాడు మారప్ప, చాలా గంభీరంగా. 'మనిషిని తినకుండా మాత్రం ఉంచకూడదు.'

సుంకప్ప పెండ్లాం వైపు తిరిగాడు. ఇన్నేళ్లుగా కేకలకు అలవాటుపడిన గొంతు, మామూలు మాటకు సరిగ్గా పెగల్లేదు. రెండుసార్లు దగ్గాడు.

'తిన్యావా?' అని అడిగాడు.

సిద్ధమ్మ నోట్లో పెట్టుకున్న వేలు తీయకుండానే, లేదని తల ఊపింది.